తాతయ్య, కింగ్ కాంగ్, కాస్త పులిహోర

లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కాపురం ఉండే తెలుగువాళ్ళకి జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. ఇండియా నుంచి ఎవరు దిగినా ఒకరోజు డిస్నీలాండ్‌కి, ఒకరోజు యూనివర్సల్ స్టూడియోస్‌కి, ఒక పూట మాలిబు వెంకటేశ్వరస్వామి గుడికి తిప్పి తీసుకురావడం! ఇర్వైన్‌లో ఉండే మేమూ ఆ ఉద్యోగం నమ్మకంగానే చేస్తున్నాం. యూనివర్సల్‌కి ఇప్పటికి ఆరుసార్లు వెళ్ళాను. ట్రామ్‌లో గైడు వేసే జోకులు నాకు కంఠతా వచ్చు. అయితే ఇప్పుడు చెప్పబోయేది ఏడోసారి సంగతి. 2023 జూన్‌లో మా నాన్నగారిని తీసుకెళ్ళిన రోజు.

ముందు నాన్నగారి గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆయన తెనాలిలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. 1968లో చేరి 2011 దాకా, అంటే 43 ఏళ్ళు, రోజుకి నాలుగు ఆటలు వేశారు. చివరికి హాలువాళ్ళు డిజిటల్ మిషన్ తెచ్చారు. బొమ్మ శాటిలైట్‌లో దిగుతుంది, మీట నొక్కితే చాలు, దానికి ఆపరేటర్ ఎందుకు? ఆ రోజు ఇంటికొచ్చి టిఫిన్ క్యారేజీ కడిగి బోర్లించి పెట్టారట. మళ్ళీ సినిమా మాట ఎత్తలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ మాట్లాడేది, ఆయన వినేవారు. 2022 ఆగస్టులో అమ్మ పోయింది. ఆర్నెల్లు తెనాలిలో ఒంటరిగా ఉన్నాక బలవంతాన మా దగ్గరికి తీసుకొచ్చాను.

ఇక్కడ ఆయన దినచర్య ఏమిటంటారా? పొద్దున కాంప్లెక్స్ చుట్టూ మూడు రౌండ్లు. తర్వాత కుండీలకి నీళ్ళు. ఆ తర్వాత కిటికీ. మార్చి 12 రాత్రి ఆర్ఆర్ఆర్ పాటకి ఆస్కార్ వచ్చినప్పుడు మేమంతా సోఫా ఎక్కి గంతులేస్తుంటే, "ఆ మేడ ఏ ఊళ్ళో ఉందిరా?" అని అడిగారు. ఉక్రెయిన్‌లో, కీవ్‌లో అని చెప్పాను. "ఓహో" అని వెళ్ళి పడుకున్నారు. అంతే!

పిల్లలతో కూడా అంతే. మా పెద్దవాడికి పద్నాలుగు. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి రాదు. చిన్నదానికి తొమ్మిది, మనబడికి వెళ్తుంది కాబట్టి గుణింతాలు దిద్దుతూ మాట్లాడుతుంది. తాతయ్యకీ మనవడికీ మధ్య రోజుకి రెండు వాక్యాలు నడిచేవి: "తిన్నావా?", "యా, తాతయ్యా."

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నాన్నగారికి తెలియకుండా గ్రీన్‌కార్డుకి ఐ-130 ఫారం నింపి, ప్రింటు తీసి, సొరుగులో పెట్టాను. అడిగితే వద్దంటారని తెలుసు. ముందు కాగితం సిద్ధం చేసుకుందాం, నచ్చచెప్పడం తర్వాత అనుకున్నాను. మా కన్సల్టింగ్ భాషలో దీన్ని రిక్వైర్మెంట్స్ తీసుకోకుండా కోడ్ రాయడం అంటారు. ఎవడైనా జూనియర్ ఆ పని చేస్తే నేనే చీవాట్లు పెడతాను.

సరే, అసలు ప్రయాణానికి వద్దాం. బుధవారం పొద్దున ఏడింటికి బయల్దేరాం. మా ఆవిడ ముందురోజే ఏ రైడు ఎప్పుడో ఎక్సెల్ షీటు వేసింది. దాంతోపాటు ఓ పెద్ద డబ్బా నిండా పులిహోర కూడా కలిపింది. లోపలికి బయటి భోజనం రానివ్వరు, నీళ్ళ సీసాలూ పళ్ళూ అయితే పర్వాలేదు. అందుకని డబ్బా డిక్కీలోనే ఉండిపోయింది. ఆ డబ్బాని కాస్త గుర్తుపెట్టుకోండి.

స్టూడియో దగ్గరికొచ్చేసరికి రోడ్డు పక్కన జనం అట్టలు పట్టుకుని తిరుగుతున్నారు. "ఏమిట్రా, సమ్మా?" అన్నారు నాన్నగారు సీట్లో ముందుకి జరిగి. అవునన్నాను. హాలీవుడ్ రచయితలు మే 2 నుంచి సమ్మెలో ఉన్నారు. షూటింగులు చాలావరకు ఆగిపోయాయి. "కథలు రాసేవాళ్ళు కూడా సమ్మె చేస్తారా! ఎందుకూ?" జీతాల గొడవ, పైగా రేపు కంప్యూటరే కథలు రాసేస్తుందేమోనన్న భయం అని చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి ఆ అట్టలు కనుమరుగయ్యేదాకా చూశారు. అమెరికా వచ్చాక ఆయన అంతసేపు కుతూహలంగా దేన్నైనా చూడటం అదే మొదలు.

తలుపులు తీయగానే ఎస్కలేటర్లెక్కి కిందికి, లోయర్ లాట్‌కి పరుగు. కొండ మీద ఒక భాగం, కింద ఒక భాగం, మధ్యలో పొడుగాటి ఎస్కలేటర్ల వరుస. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవారు వీల్‌చెయిర్ అద్దెకి తీసుకోవడం మంచిది. నేను ఆ మాటంటే "నేనేం ముసలాణ్ణా?" అని కసిరారు. 2023 ఫిబ్రవరిలో తెరిచిన సూపర్ నింటెండో వరల్డ్‌లో పిల్లలకి పిచ్చెత్తింది. పచ్చగొట్టంలోంచి లోపలికెళ్తే ఆటలోకి దూరినట్టే ఉంటుంది, గోడల మీద పెట్టెలు గుద్దితే నాణేల చప్పుడు. నాన్నగారు ఒక బల్ల మీద కూర్చుని ఎవరి చెప్పులెలా ఉన్నాయో చూస్తూ కాలక్షేపం చేశారు. జురాసిక్ వరల్డ్ రైడు చివర 84 అడుగుల ఎత్తునుంచి పడవ కిందికి జారుతుంది. దానికి ఆయన్ని రమ్మని ఎవరమూ అడగలేదు.

పదకొండున్నరకి పైకొచ్చి ట్రామ్ ఎక్కాం. ఈ ట్రామ్ టూరే ఈ పార్కుకి ప్రాణం అని నా అభిప్రాయం. మిగతావన్నీ ఇంకోచోట కట్టుకోవచ్చు. ఇది మాత్రం నిజంగా సినిమాలు తీసే స్టూడియో మధ్యలోంచి వెళ్తుంది.

దీని చరిత్ర కూడా తమాషాగా ఉంటుంది. కార్ల్ లెమ్లీ అనే ఆయన పదిహేడేళ్ళ వయసులో, 1884లో జర్మనీ నుంచి వలసవచ్చాడు. బట్టల కొట్లో పనిచేసి, 1906లో షికాగోలో చిన్న సినిమా హాలు పెట్టాడు. ఆ తర్వాత 1915 మార్చి 15న ఇక్కడి కోళ్ళఫారం స్థలంలో యూనివర్సల్ సిటీ తెరిచాడు. షూటింగ్ చూడటానికి టికెట్టు 25 సెంట్లు. అక్షరాలా పావలా! మూకీల రోజులు కాబట్టి జనం ఈలలేసి కేకలు పెట్టినా ఇబ్బంది లేదు. టాకీలు రాగానే "నిశ్శబ్దం!" అని ఆ సందర్శనలు ఆపేశారు. మళ్ళీ 1964లో ట్రామ్‌లతో మొదలెట్టారు. ఇదంతా నాన్నగారికి చెబుతుంటే ఆయనకి ఒక్క ముక్కే పట్టింది. "అయితే ఆయన ముందు హాలు నడిపినవాడన్నమాట!"

ట్రామ్ ఖాళీ ఫ్లోర్ల మధ్యనుంచి సాగింది. తలుపులన్నీ మూసే ఉన్నాయి. రామోజీ ఫిల్మ్ సిటీ చూసినవాళ్ళకి ఈ దొంగ వీధులు కొత్త కాదు. 1996లో మొదలైన అది దీనికన్నా ఎంతో పెద్దది. అయినా సైకోలోని కొండమీది ఇల్లు కనబడగానే నాన్నగారి చెయ్యి నా భుజం మీద పడింది. "ఇది మార్నింగ్ షో వేశారా. నలుపు తెలుపు. ఆ స్నానాల గది సీను వచ్చేముందు నేను కిటికీలోంచి కింద జనాన్ని చూసేవాణ్ణి." 1960 నాటి ఆ సినిమాని ఈయన ఎప్పుడు వేశారో గాని, జనం ఏ క్షణంలో కుర్చీల్లోంచి లేచారో ఇంకా జ్ఞాపకం!

ఆ తర్వాత జాస్ చెరువు. చేప లేచింది, అందరూ అరిచారు, మా చిన్నది తాతయ్య ఒళ్ళో పడింది. "భయపడకే. సినిమాలో ఇది చాలాసేపటికిగానీ కనబడదు, తెలుసా?" అన్నారాయన. నిజమే. ఉప్పునీళ్ళలో ఆ మరచేప మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండానే భయపెట్టే దారి వెతుక్కున్నాడు. దానికి యూనిట్‌వాళ్ళు ఆయన లాయరు పేరే, బ్రూస్ అని పెట్టారు. నేనిది పుస్తకంలో చదివాను. నాన్నగారు రీళ్ళు తిప్పుతూ లెక్కగట్టారు.

భూకంపం సెట్టులో పైనుంచి టాంకర్ లారీ కూలింది, మంటలు లేచాయి, మెట్లమీంచి వరద దూకింది. ట్రామ్ బయటికొస్తుండగా నాన్నగారు ఒక్కరే వెనక్కి తిరిగి చూస్తున్నారు. "నీళ్ళు వెనక్కి పోతున్నాయి చూడు. మళ్ళీ ఆటకి సర్దుకుంటోంది."

ఇక కింగ్ కాంగ్. ఇదివరకు ఇక్కడ పెద్ద మరకోతి ఉండేది. 2008 జూన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ మంటల్లోనే వీడియోలూ, పాటల ఒరిజినల్ టేపులూ దాచిన గది కూడా పోయింది. నాన్నగారు ఈ మాటకి చాలా బాధపడ్డారు, కోతి పోయినందుకు కాదు. వాళ్ళ క్యాబిన్‌లో రీళ్ళ పక్కన ఎప్పుడూ ఇసుక బకెట్లు ఉండేవట. 2010లో పీటర్ జాక్సన్ సాయంతో ఇక్కడ 3-డి ప్రదర్శన పెట్టారు. ట్రామ్ చీకటి సొరంగంలో ఆగుతుంది. రెండు వైపులా వంపు తిరిగిన బ్రహ్మాండమైన తెరలు. కళ్ళద్దాలు పెట్టుకోగానే రాక్షసబల్లులూ కాంగూ మన నెత్తిమీదే కొట్టుకుంటాయి. ట్రామ్ ఊగిపోతుంది.

అందరూ కేకలు. నేను పక్కకి చూస్తే నాన్నగారు కళ్ళద్దాలు తీసేసి, తెరకి వీపు పెట్టి, కప్పుకేసి చూస్తున్నారు.

"డాడ్, తాతయ్య ఏం చేస్తున్నాడు?" మావాడు ఇంగ్లీషులో గుసగుస.

నాకు అర్థం కాలేదు. బయటికొచ్చాక ఆయనే చెప్పారు. "మిషన్లు ఎక్కడ పెట్టారో వెతికాను. ఒకటి కాదురా, చాలా ఉన్నాయి. వెలుగులు కలిసే చోట అతుకు కనబడలేదు. ఎవరు సర్దారో గాని గొప్పవాళ్ళు."

మధ్యాహ్నం భోజనం దగ్గర, పిజ్జా చల్లారిపోతుంటే, నాన్నగారు కాగితం న్యాప్‌కిన్ మీద బొమ్మ గీశారు. రెండు మిషన్లు. సెకనుకి 24 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రీలు అయిపోవచ్చేసరికి తెర కుడివైపు పైమూల చిన్న చుక్క పడుతుంది. అప్పుడు రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది క్షణాలకి రెండో చుక్క. అప్పుడు ఇది మూసి అది తెరవాలి. జనానికి తెలియకూడదు. ఈలోగా వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు అరిగిపోతుంటే దగ్గరికి జరుపుతూ ఉండాలి. చిన్నది తెలుగులో విని అన్నకి ఇంగ్లీషులో చెబుతోంది. చుక్కల సంగతి వచ్చేసరికి మావాడు ఫోను పక్కన పెట్టాడు. ఈ తల్లిదండ్రులకి అదెంత పెద్ద సంఘటనో మీకు వేరే చెప్పక్కర్లేదు.

"మరి తాతయ్య నిద్రపోతే?" అని అడిగించాడు.

"తెర తెల్లగా అయిపోతుంది. హాలంతా ఈలలు. 43 ఏళ్ళలో రెండుసార్లు. ఒకటి మీ నాన్న పుట్టిన రాత్రి."

ఆ మాట నాకూ అప్పుడే తెలిసింది! తర్వాత కబుర్లు మాయాబజార్ మీదికి మళ్ళాయి. కంప్యూటర్ అనే మాటే వినని 1957లో ఘటోత్కచుడి లడ్లు ఎలా ఎగిరాయి, మార్కస్ బార్ట్‌లే కెమెరా పడవ మీద వెన్నెల ఎలా కురిపించింది. ఆ సినిమా మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడల్లా, ప్రింటు ఎంత గీతలు పడినా, వెన్నెల రీలు మాత్రం జాగ్రత్తగా తుడిచి ఎక్కించేవారట. ఆ సినిమా తీసిన వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు ఆసుపత్రీ, షాపింగ్ మాలూ ఉన్నాయని ఆయనకి తెలుసు. అది చెప్పి ఊరుకున్నారు.

ఇక్కడే నా ఘనకార్యం. రెండింటికి క్లయింటు ఫోను. ప్రొడక్షన్‌లో ఏదో జాబ్ ఆగిపోయింది. మా ఆవిడా పిల్లలూ హ్యారీ పోటర్ కోటకి వెళ్ళారు. "నాన్నగారూ, ఇక్కడే కూర్చోండి, ఐదు నిమిషాలు" అని పక్కకెళ్ళాను. ఐదు కాస్తా ఇరవై అయింది. తిరిగొస్తే బల్ల ఖాళీ.

ఆయన దగ్గర ఫోను లేదు. జేబులో మా అడ్రసు కాగితం కూడా పెట్టలేదు. ఇంగ్లీషు నాలుగు మాటలు. చుట్టూ వేలాదిమంది జనం. బాత్‌రూములు చూశాను, ట్రామ్ దగ్గర చూశాను, ఎస్కలేటర్లు ఎక్కి దిగాను. చివరికి అక్కడి సిబ్బందిని పట్టుకున్నాను. "ఎలా ఉంటారు?" అని అడిగితే నోరు పెగల్లేదు. "జూన్ నెలలో స్వెట్టర్ వేసుకున్న పెద్దాయన" అన్నాను. ఆ అమ్మాయి నవ్వకుండా వైర్‌లెస్‌లో అదే చెప్పింది. ఆమెకి నా నమస్కారాలు. అమ్మ పోయాక ఈయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి నేను చూసుకుంటున్నానని అనుకున్నదంతా ఆ యాభై నిమిషాల్లో కళ్ళముందు తిరిగింది. (పెద్దవాళ్ళతో వెళ్ళేవారు దయచేసి వాళ్ళ జేబులో మీ ఫోను నంబరు రాసి పెట్టండి. పిల్లల చేతికి కడతాం గాని వీళ్ళని మర్చిపోతాం.)

వాటర్‌వరల్డ్ ఆట వదిలారు. జనం బిలబిలమంటూ బయటికొస్తున్నారు. అందరి వెనకా, తలనుంచి కాళ్ళదాకా తడిసిపోయి, స్వెట్టర్ పిండుకుంటూ మా నాన్నగారు. తడిసే వరుసలకి వేరే రంగు వేసి ఉంటుంది. ఈయన సరిగ్గా అక్కడే కూర్చున్నారు.

నేను అరవబోయాను. ఆయన ఆగనిచ్చారా! "ఒరేయ్, విమానం! గోడ మీంచి వచ్చి నీళ్ళలో పడిందిరా! నిజం విమానమే! అది వచ్చేదారి నేను పట్టుకున్నాను. పద, ఇంకో ఆట ఎప్పుడు?" అమ్మ పోయాక ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం అదే చూశాను.

నాలుగింటి ఆటకి అందరం వెళ్ళాం. 1995 నుంచి ఆడుతున్న ఈ ప్రదర్శనలో పడవలు దూకుతాయి, మనుషులు మంటలతో గోపురం మీంచి పడతారు. తాతయ్య ఒక్కో ఘట్టానికి ముందే చెయ్యి చాచి చూపిస్తున్నారు: ఇదిగో ఇక్కడ మంట, అదిగో అటు చూడు. మావాడు విమానాన్ని ఫోన్లో స్లోమోషన్ తీశాడు. "ఎన్ని ఫ్రేములు?" అని అడిగారాయన. 240 అన్నాడు వాడు, తెలుగులోనే, "రెండు వందల నలభై తాతయ్యా" అని. "పది రెట్లు!" అని ఆయన ఆ ఫోను పట్టుకుని విమానాన్ని ముందుకీ వెనక్కీ వేలితో నడిపిస్తూ పార్కింగ్ దాకా వచ్చారు.

పార్కింగ్ భవనంలో మూడో అంతస్తులో డిక్కీ తెరిచి, కాగితం ప్లేట్లలో పులిహోర పెట్టింది మా ఆవిడ. అటు వెళ్తున్నవాళ్ళు కాస్త చూశారు. చూడనీయండి. యాభై డాలర్ల పిజ్జాలు తిన్నాక పులిహోర ఎంత రుచిగా ఉంటుందో వాళ్ళకేం తెలుసు!

నాన్నగారు రెండోసారి పెట్టించుకుని, మిరపకాయ పక్కకి తీసి, నా వైపు చూడకుండా అన్నారు. "ఆ ఫారంలో నా పేరు తప్పు పడింది అబ్బాయ్."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ప్రింటర్‌లో ఒక కాపీ ఉండిపోయింది. పాస్‌పోర్టులో రెండు 'ఏ'లు ఉన్నాయి. నువ్వు ఒకటే వేశావు."

"మీకు చెబుదామనే..."

"సరే."

"సరిచేసి పంపించమంటారా?"

ఆయన కాసేపు తిన్నారు. మా ఆవిడ పిల్లలకి మూతులు తుడుస్తూ, వింటూనే వినట్టు నిలబడింది. "ఆగస్టులో మీ అమ్మ సంవత్సరీకం. అది అక్కడ పెట్టాలి. ఇక్కడ నాకు పని లేదురా. నువ్వు బాగా చూసుకోక కాదు." మళ్ళీ ఆగి, "పిల్ల ప్లేటు ఖాళీగా ఉంది చూడు" అన్నారు.

ఇంటికొచ్చాక లెమ్లీ గురించి ఇంకాస్త చదివాను. 1930లలో హిట్లర్ జర్మనీ నుంచి తన ఊరివాళ్ళనీ ఎరగనివాళ్ళనీ కూడా తప్పించడానికి వందల కుటుంబాలకి పూచీకత్తు పత్రాలు రాసి సంతకాలు పెట్టాడట. 1939లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు. వాళ్ళంతా రావాలని ప్రాణాలరచేత పట్టుకుని ఎదురుచూసినవాళ్ళు. నా ఫారం సంగతి వేరు. మరుసటి రోజు రెండో 'ఏ' చేర్చి, మళ్ళీ ప్రింటు తీసి, ఈసారి ఆయన చేతికే ఇచ్చాను. చదివి, మడిచి, తన పెట్టెలో బట్టల కింద పెట్టుకున్నారు. ఆగస్టులో దాన్ని పట్టుకునే తెనాలి వెళ్ళిపోయారు. సంతకం పెట్టాల్సింది నేనే గాని, కాగితం మాత్రం ఆయన దగ్గరుంది.

ఆదివారం పొద్దున ఇప్పుడు ఫోను చేసేది నేను కాదు, మావాడు. స్కేట్‌బోర్డు మీంచి పడ్డా, కుక్క నీళ్ళు దులుపుకున్నా స్లోమోషన్ తీసి పంపుతాడు. ఏ ఫ్రేములో కాలు జారిందో ఆయన చూసి చెబుతారు. వీడి తెలుగు మా చిన్నదాని చేత వెక్కిరింపులు తింటూనే నడుస్తోంది.

నాన్నగారు పనిచేసిన హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. అయితే పాత మిషన్లలో ఒకటి పై గదిలోనే ఉండిపోయిందట. మెట్లు ఇరుకు, దింపడం ఎవరివల్లా కాలేదు. ఈ డిసెంబరులో అందరం వెళ్తున్నాం. మావాడికి అది తిరుగుతుంటే చూడాలనుంది. పోయినవారం నాన్నగారి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. గచ్చు నేల మీద పరిచిన అరిగిపోయిన మోటారు బెల్టు, పక్కన సుద్దముక్కతో అంగుళాల్లో కొలత. వచ్చేటప్పుడు ఆ సైజుది ఒకటి పట్టుకురమ్మన్నారు. వెతుకుతున్నాను.